స్ట్రెచర్ మీంచి ఊళ్ళు చూపించిన పంతులమ్మ

ఇటలీలో పోంతెసెక్కో అనే ఊళ్ళో లారీ దిగేసరికి సాయంత్రం నాలుగుంబావు. సెప్టెంబరు చివరి వారం. వాన లేదు. పదకొండు డిగ్రీల చలి. మేము పన్నెండు మందిమి. ఒక్కొక్కరి వీపున ఇరవై రెండు కిలోల సామాను. నాకు దానికి తోడు ఆరు కిలోల మందుల సంచి.

ఎదురుగా ఒక పాత రాతి వంతెన, దాని కింద బూడిదరంగు నీళ్ళు. వంతెన దాటితే మా బ్యారక్. రెండంతస్తులు, గోడలు రెండడుగుల మందం. కిటికీలోంచి చూస్తే ఆకాశం కనబడదు. కొండే కనబడుతుంది. తల బాగా ఎత్తితే ఆ కొండ చివర కాస్త ఆకాశం.

"సామాను దించండి. బూట్లు ఆరబెట్టండి. ఐదున్నరకి చాయ్," అన్నారు సుబేదార్ సాబ్. ఆయన మా టీమ్ కమాండర్. గఢ్వాల్ కొండల్లో పుట్టిన మనిషి. "ఎవరికైనా ఇల్లు గుర్తొస్తే చాయ్ తర్వాత గుర్తు తెచ్చుకోండి."

నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. డాక్టరు దగ్గరికి చేరేదాకా మనిషి ప్రాణం నిలబెట్టడం నా పని. తోటి జవాన్లు నన్ను డాక్టర్ సాబ్ అనేవాళ్ళు, సగం మర్యాదగా, సగం ఏడిపించడానికి. మాది ముసునూరు. నాన్నగారు వేణుగోపాలస్వామి గుడిలో అర్చకులు. మా ఇంట్లో తరతరాలుగా హారతి పళ్ళెం కంటే బరువైనది ఎవరూ ఎత్తలేదు. నేను సైన్యంలో చేరతానంటే నాన్నగారు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఒకటే అడిగారు.

"అక్కడ నువ్వేం చేస్తావురా?"

"దెబ్బలు తగిలినవాళ్ళకి కట్లు కడతానండి."

"అయితే వెళ్ళు," అన్నారు.

ఇటలీ ఉత్తరాన ఉన్న ఆ లోయలో మా డ్యూటీ పది వారాలు. అక్కడి పర్వత దళంతో కలిసి శిక్షణ. తాళ్ళు, మంచు, కొండ మీంచి గాయపడ్డవాళ్ళను దించడం. వారానికి ఆరు రోజులు, పొద్దున ఆరున్నర నుంచి సాయంత్రం ఐదు వరకు. ఆదివారం సెలవు. ఆ రోజు లోయలో ఉన్న పాత ఊళ్ళు చూపిస్తారని ఆర్డర్లోనే రాసి ఉంది.

ఆ లోయలో ఊళ్ళు నాలుగు. మన దగ్గర నూజివీడు నుంచి బస్సెక్కితే ఊళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అక్కడ ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి. అడుగున మేమున్న పోంతెసెక్కో. దాని పైన మురాత, చుట్టూ ప్రహరీ గోడ ఉన్న పాత సంత ఊరు. ఇంకా పైన ప్రాలుంగో. అన్నిటికంటే పైన కాసాల్త, సముద్రమట్టానికి పదిహేడు వందల ఎనభై మీటర్ల ఎత్తున. తారు రోడ్డు మెలికలు తిరుగుతూ పైదాకా వెళుతుంది. అది వేయక ముందు కంచర గాడిదల మీద ఉప్పు మూటలు వేసుకుని నడిచిన రాళ్ళ బాట ఒకటుంది. అది నాలుగు ఊళ్ళనీ కలుపుతూ నేరుగా దిగుతుంది. పదకొండు కిలోమీటర్లు.

మొదటి నాలుగు వారాలు నాకు గుర్తున్నవి మోకాళ్ళ నొప్పులు, తిండి. నేను శాకాహారిని. మెస్‌లో నాకు రోజూ మొక్కజొన్న పిండి సంకటి పెట్టేవాళ్ళు, పైన జున్ను ముక్కలు. నేను సీసా తీసి కాస్త ఆవకాయ కలుపుకునేవాణ్ణి. మూడో రోజు ఇటలీ సార్జెంటు పక్కన కూర్చుని వేలితో కొంచెం తీసుకుని నాకాడు. కళ్ళనిండా నీళ్ళు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. మళ్ళీ వేలు పెట్టాడు. అయిదో వారానికల్లా నా సీసా ఖాళీ అయింది. అందులో నా వాటా సగం కూడా ఉండదు.

అయిదో వారం, అక్టోబరు ఆఖరు. శుక్రవారం కాసాల్త దాకా నడక, రాత్రికి అక్కడే బస. శనివారం ఊళ్ళో రొట్టెలు కాల్చే రోజు. ఊరంతటికీ ఒకే రాతి పొయ్యి. చలికాలానికి ముందు ఒక్కసారి వెలిగించి, నెలల తరబడి తినే నల్లటి రొట్టెలు అన్నీ అప్పుడే కాలుస్తారు. దానికి మేము కట్టెలు మోసి సాయం చేయాలి. ఆదివారం ఆ ఊరి పంతులమ్మ మాకు లోయంతా తిప్పి చూపించాలి. అదీ ప్రోగ్రాం.

పంతులమ్మ పేరు ఎవరూ చెప్పలేదు. అందరూ మాయెస్త్రా అనేవాళ్ళు. వాళ్ళ భాషలో పంతులమ్మ అనే అర్థం. ఎనభై ఒక్క ఏళ్ళు. సన్నని మనిషి, మగవాళ్ళ బూట్లు, మెడకి ఎర్ర ఉన్ని మఫ్లర్. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ లోయలో పాఠాలు చెప్పారట. లోయలో యాభై దాటిన ప్రతివాడూ ఆవిడ చేత చెవి మెలి పెట్టించుకున్నవాడే. మేము శుక్రవారం తడిసి ముద్దయి చేరగానే మమ్మల్ని వరసలో నిలబెట్టి పేర్లడిగారు. నా పేరు శేషాచార్యులు. మూడుసార్లు పలికి చూశారు. నాలుగోసారి సరిగ్గా వచ్చింది.

"ఆదివారం ఏడింటికి బయలుదేరతాం," అన్నారు. పక్కనున్న ఇటలీ కార్పొరల్ మాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆ అమ్మాయే మా దుబాసీ. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక నిలబడాలి."

గురువారం మొదలైన వాన శుక్రవారం రాత్రంతా కురిసింది.

శనివారం పొద్దున ఆరూ ఇరవైకి నేను పొయ్యి దగ్గర కట్టెల మోపు దించుతున్నాను. చుట్టూ మేఘం. పది అడుగుల అవతల మనిషి కనబడడు. పంతులమ్మగారు పిండి ముద్దలు పేర్చిన పొడుగాటి చెక్క భుజాన పెట్టుకుని మెట్లు దిగుతున్నారు. మూడు మెట్లే. రెండో దాని మీద కాలు జారింది. ముందు చెక్క పడిన చప్పుడు. తర్వాత ఇంకో చప్పుడు. ఆ రెండో చప్పుడు నాకు తెలుసు. ఎండు కొమ్మ విరిగినట్టుంటుంది.

కుడి తొడ మధ్యలో విరిగింది. కాలు వంకర తిరిగి పొట్టిగా కనబడుతోంది. తొడ అప్పటికే ఉబ్బుతోంది. నాడి నూట నాలుగు. పాదం చల్లగా ఉంది కానీ వేళ్ళు కదులుతున్నాయి. ఆవిడ అరవలేదు. పళ్ళు బిగపట్టి ఏదో అన్నారు.

"రొట్టెలు తొక్కకండి అంటున్నారు," అంది దుబాసీ.

తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనబడకుండా లోపలే లీటరు పైగా రక్తం పోతుంది. వయసులో ఉన్నవాడు తట్టుకుంటాడు. ఎనభై ఒకటిలో గంటలు లెక్కపెట్టుకోవాలి. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాను. కాలును మెల్లగా లాగి సరిచేసి, లాగి పట్టి ఉంచే ఉక్కు చట్రంలో పట్టీలతో బిగించాను. చేతికి సెలైన్ ఎక్కించాను. నా దగ్గర ఉన్నవి రెండే సీసాలు, అరలీటరువి. రెండోది వెచ్చగా ఉండాలని రేడియో ఆపరేటర్ చొక్కాలో పెట్టుకున్నాడు.

అతను కేరళ వాడు. పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడుతున్నాడు.

"కంట్రోల్, దిస్ ఈజ్ టీమ్ టూ. ఒక పౌరురాలికి తొడ ఎముక విరిగింది. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"టీమ్ టూ, మేఘం దిగిపోయింది. హెలికాప్టర్ ఎగరదు. ఓవర్."

"అంబులెన్స్? ఓవర్."

"రోడ్డు రెండు చోట్ల కొట్టుకుపోయింది. ప్రాలుంగో కింద ఒకటి, మురాత కింద ఒకటి. అంబులెన్స్ పోంతెసెక్కో వంతెన దాకానే వస్తుంది. ఓవర్."

సుబేదార్ సాబ్ నా వైపు చూశారు. "డాక్టర్ సాబ్, ఎంత టైం ఉంది?"

"మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అంబులెన్స్‌లో ఉండాలి, సాబ్."

ఆయన మావాళ్ళ వైపు తిరిగారు. "ఆరుగురు మోయండి. ఐదు నిమిషాలకి భుజం మార్చండి. పాత బాట. పదండి."

ఏడూ పదికి బయలుదేరాం. మోసేవాళ్ళు ఆరుగురు. తాళ్ళు పట్టుకుని ముందు ఇద్దరు, వెనక ఒకరు. రేడియో ఆపరేటర్, దుబాసీ, ఇటలీ సార్జెంటు పక్కన. నేను పంతులమ్మగారి తల దగ్గర, ఆవిడ ముఖం వైపు తిరిగి, సగం వెనక్కి నడుస్తూ. బాట నాలుగడుగుల వెడల్పు. రాళ్ళ మీద తడి ఆకులు. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఏమీ లేదు.

ఇరవై నిమిషాల తర్వాత ఇంజెక్షన్ పని చేసింది. ఆవిడ కళ్ళు తెరిచి చుట్టూ చూశారు. దుబాసీని పిలిచి పెద్ద ప్రసంగమే చేశారు. దుబాసీకి నవ్వు ఆగలేదు.

"ఎలాగూ మీరందరూ ఒకే చోట ఉన్నారు కాబట్టి ఆదివారం టూర్ ఈ రోజే చేసేద్దామంటున్నారు. అందరూ శ్రద్ధగా వినాలట."

"మాట్లాడనియ్యి," అన్నాను. "ఎంత మాట్లాడితే అంత మంచిది."

నిజంగానే అది నాకు పనికొచ్చింది. నాడి చూస్తూ నడవడం కష్టం. మాట తడబడకుండా వస్తుంటే మెదడుకి రక్తం అందుతున్నట్టే. అప్పట్నుంచి ఆవిడ గొంతే నా మీటర్.

కాసాల్త పాఠం వెళ్తూ వెళ్తూనే అయిపోయింది. ఆ ఇళ్ళ కప్పుల మీద పలకరాళ్ళు పరుస్తారట. ఒక్కో పలక ఇద్దరు మగాళ్ళు ఎత్తేంత బరువు. ఒక కొత్త పెళ్ళికొడుకు కప్పు తానే కప్పితే తప్ప పిల్ల తరఫువాళ్ళు నమ్మేవాళ్ళు కారట.

"ఈయన కప్పగలడా?" అని ముందు మోస్తున్న మా వంటవాణ్ణి చూపించారు. వంటవాడు ఐదడుగుల రెండంగుళాలు. రొప్పుతూనే, "పెళ్ళికూతుర్ని చూపించమనండి, ఆలోచిస్తా," అన్నాడు.

ఎనిమిదీ యాభైకి ప్రాలుంగో. అక్కడ ప్రతి ఇంటి గోడ మీదా ఒక ఎండ గడియారం బొమ్మ. మధ్యలో ఇనప పుల్ల, దాని నీడ పడే చోట అంకెలు. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉన్నాయి. ఎండ లేదు కాబట్టి ఒక్కటీ పనిచేయడం లేదు.

"ఆపండి," అన్నారు పంతులమ్మగారు. "నన్ను కుడికి తిప్పండి."

నేను వాచీ చూసుకున్నాను. భుజాలు మార్చుకునే టైమే. తిప్పారు. ఒక నీలం రంగు గోడ. ఆ గోడ మీది గడియారం తప్పట. గీసినవాడు దిక్కు చూసుకోకుండా గీశాడు. ఊళ్ళో పెద్దవాళ్ళకి ఆ సంగతి చెప్పడానికి మొహమాటం. పక్కనే బడి. బడి గంట దాన్ని చూసే కొట్టేవాళ్ళు. అందుకని ఆ ఊరి పిల్లలు తరాల తరబడి అరగంట ఆలస్యంగా బడికి వెళ్ళారట.

"నేను వచ్చాక మాన్పించాను," అన్నారు ఆవిడ. అప్పుడు నాడి నూట పది.

కాఫీ హోటలు నడిపే ఆవిడ ఏప్రన్‌తోనే బయటికి పరిగెత్తుకొచ్చింది. పంతులమ్మని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనక ఇంకో పదిమంది. కంగారు పడి నిలబడిపోయినవాళ్ళను పంతులమ్మగారే పనిలో పెట్టారు. నీకు దుప్పటి, నీకు వేడి నీళ్ళ సీసా, నీకు కాఫీ. ముగ్గురు బలమైన మనుషులు మాతో మోయడానికి వచ్చారు.

అక్కణ్ణుంచి లోయ ఇరుకైపోతుంది. మేము ఊరు దాటక ముందే రేడియో గరగరమంది, మూగబోయింది.

"టీమ్ టూ టు కంట్రోల్. టీమ్ టూ టు కంట్రోల్." జవాబు లేదు. ఆపరేటర్ తల అడ్డంగా ఊపాడు. "మురాత వాళ్ళకి కబురు ఎలా సాబ్? అక్కడ మనుషులు సిద్ధంగా లేకపోతే ఆ ఇరుకు కోట గుమ్మం దగ్గర ఆగిపోతాం."

కాఫీ హోటలావిడ ఏప్రన్ విప్పి చేతిలో పట్టుకుంది. "నేను చర్చి గంట కొడతాను," అంది. రోడ్లూ ఫోన్లూ లేని రోజుల్లో మనిషిని మోసుకొస్తున్నారంటే మూడు, ఆగి మూడు, మళ్ళీ మూడు కొట్టేవాళ్ళట. చిన్నప్పుడు విన్నదే, ఎప్పుడూ కొట్టలేదట. మేము ఊరి పొలిమేర దాటేసరికి గంట మొదలైంది. రెండు నిమిషాల తర్వాత కింద, మేఘంలోంచి, ఇంకో గంట. మూడు, మూడు, మూడు. మురాత విన్నది.

పది గంటల ఐదు నిమిషాలకి బాట పక్కన చిన్న గుడి. మూడు గోడలు, ఒక కప్పు. బయటి గోడ మీద నిలువెత్తు బొమ్మ, పన్నెండు అడుగులుంటుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఒక భారీ మనిషి, చేతిలో కర్ర, భుజం మీద చిన్న పిల్లవాడు. నీళ్ళలో చేపలు కూడా గీశారు.

"ఈయన ఒక సాధువు. వాగు దాటించేవాడు," అన్నారు పంతులమ్మగారు. గొంతు కాస్త తగ్గింది. "ఓ రాత్రి ఒక పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకున్నాడు. అడుగు అడుగుకీ బరువెక్కిపోయాడు ఆ పిల్లవాడు. దేవుడని తర్వాత తెలిసింది. ఈ బొమ్మను చూసినవాళ్ళకి ఆ రోజు చావు రాదని ఇక్కడివాళ్ళ నమ్మకం. అందుకే ఇంత పెద్దగా గీశారు. దూరాన్నుంచే కనబడాలని."

నేను ఆ బొమ్మ చూస్తూ ఉండిపోయాను. మా గుడి గోపురం మీద అదే బొమ్మ ఉంది. వసుదేవుడు, యమున, నెత్తిన బుట్టలో కృష్ణుడు. నీళ్ళలో చేపలతో సహా.

"మా ఊళ్ళో కూడా ఉన్నాడమ్మా ఈయన," అన్నాను. "తండ్రే మోస్తాడు. పిల్లవాడి పాదం తగలగానే నది దారి ఇస్తుంది."

దుబాసీ చెప్పింది. పంతులమ్మగారు తల నా వైపు తిప్పారు. "ఆ నది మంచిది," అన్నారు. "మా వాగు ఎవరికీ దారి ఇవ్వదు."

అదే చివరి మాట. అరగంట నడిచాక ఏదో అడిగాను. జవాబు రాలేదు. దుబాసీ అడిగింది. రాలేదు. ముఖం మైనంలా ఉంది. నుదురు చెమట. నాడి నూట ముప్పై రెండు, దారంలా సన్నగా.

"ఆపండి!"

దించారు. పది నలభై. చట్రం పట్టీ ఒకటి తడికి సాగి వదులైంది. కాలు మళ్ళీ లోపలికి జారింది. ప్రతి కుదుపుకీ ఎముక లోపల కోస్తోందన్నమాట. పట్టీ విప్పి మళ్ళీ లాగి బిగించాను. నా వేళ్ళు చలికి వంగడం లేదు. ఇటలీ సార్జెంటు తన చేతులతో నా చేతులు రుద్దాడు. రెండో సీసా తగిలించాను. రేడియో ఆపరేటర్ దాన్ని తలపైకెత్తి పట్టుకున్నాడు. స్ట్రెచర్ కాళ్ళ వైపు ఎత్తించాను.

ఇక చేయగలిగింది లేదు. మోయడం, పిలవడం. అంతే.

"పంతులమ్మగారూ! ఏవండీ! కళ్ళు తెరవండి!"

భయమేస్తే మనిషికి సొంత భాషే వస్తుంది. నాకు ఇంగ్లీషూ పోయింది, హిందీ పోయింది. స్ట్రెచర్ లేచింది. నేను వెనక్కి నడుస్తూ తెలుగులో మొదలుపెట్టాను.

"మీ ఊళ్ళు చూపించారు కదండీ. ఇప్పుడు మా ఊళ్ళు చూద్దురుగాని. బస్టాండులో ఎక్కాం అనుకోండి. నూజివీడు బస్టాండు. ఎడమ చేతి వైపు చూడండి, కోట. జమీందార్ల కోట అండీ. ఇప్పుడందులో కాలేజీ. గోడలు కింద మా బ్యారక్ గోడల్లాగే, ఇంత మందం. వేసవిలో లోపలికెళితే చల్లగా ఉంటుంది. పదండి, బస్సు కదిలింది. ఇటు మైలవరం రోడ్డు, మనం అటు వెళ్ళట్లేదు. మనది ముసునూరు రోడ్డు. రెండు పక్కలా మామిడి తోటలే. కళ్ళు తెరిస్తే కనబడతాయి. మే నెలలో వస్తే వాసనకే కడుపు నిండుతుంది. చిన్నరసాలు అంటారండీ, ముక్కలు కోయకూడదు, చేత్తో పిసికి జుర్రుకోవాలి. మోచేతుల దాకా కారుతుంది. మీరు మరి ఆ మఫ్లర్ తీసేసి తినాలి. ఇదిగో ముసునూరు. దిగితే మా ఇల్లు. మా అమ్మ ముందు కాళ్ళు కడుక్కోమంటుంది, తర్వాతే మీరెవరని అడుగుతుంది. దిగకపోతే బస్సు చింతలపూడి దాకా పోతుంది, అక్కడ సంత..."

ఎంతసేపు వాగానో తెలియదు. మోస్తున్నవాళ్ళలో ఒక్కడికీ తెలుగు రాదు. బూట్ల చప్పుడు, రొప్పు, నా గొంతు. చింతలపూడి దాటాక నాకు తెలిసిన ఊళ్ళు అయిపోయాయి. మళ్ళీ నూజివీడు బస్టాండు నుంచి మొదలుపెట్టాను.

రెండోసారి ముసునూరు దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి. దుబాసీ వంగి చెవి దగ్గర పెట్టింది. నిటారుగా నిలబడినప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు.

"ఏమంటున్నారు?"

"మరీ తొందరగా చెబుతున్నావట. పిల్లలు రాసుకోలేరట."

వంటవాడు గట్టిగా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. సుబేదార్ సాబ్ నవ్వడం ఆ అయిదు వారాల్లో మొదటిసారి చూశాను. నాడి చూశాను. నూట పద్దెనిమిది.

పదకొండు నలభైకి మురాత కోట గుమ్మం. అక్కడే మా భయం. ఒక్కో కంచర గాడిద మాత్రమే పట్టేట్టు కావాలని ఇరుకుగా కట్టారు దాన్ని. దొంగలు గుంపుగా రాకుండా. ఆరుగురు పక్కపక్కన పట్టరు. కానీ గంట పని చేసింది. గుమ్మానికి అటూ ఇటూ ఊరంతా నిలబడి ఉంది. మంగలి, బేకరీ అతను, బడిపిల్లల తల్లులు, చర్చి పని చూసే ముసలాయన. స్ట్రెచర్‌ని మేము తలల పైకెత్తి ముందుకి తోశాం. అవతలి చేతులు అందుకున్నాయి. ఒక్క కుదుపు లేదు.

"చూడండి," అన్నారు పంతులమ్మగారు, గుమ్మం కప్పు ముక్కుకి జానెడు ఎత్తులో పోతుంటే. గొంతు పీలగా ఉంది కానీ పంతులమ్మ గొంతే. "ఈ రాయి మీద గీతలు చూశారా. ఉప్పు మూటలు ఒరుసుకుపోయిన గీతలు. నేను ఎనభై ఏళ్ళలో ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు."

మురాత వీధి రెండు పక్కలా కమానుల వరండాలు. వాన పడినా సంత ఆగకూడదని ఇళ్ళ కింద నుంచి దారి వదిలారు. వాటి కింద తడవకుండా నడిచాం. అక్కణ్ణుంచి మోసే చేతులకి కొదవ లేదు. పన్నెండు యాభై రెండుకి పోంతెసెక్కో వంతెన. అవతల అంబులెన్స్ ఇంజను ఆన్‌లోనే ఉంది. డాక్టరు లోపలికి ఎక్కించుకుంటూ నా చట్రం చూసి, నా మణికట్టు గట్టిగా పట్టుకుని వదిలాడు. తలుపు వేశారు.

ఎనిమిది రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్ళాం, పన్నెండుమందిమీ. ఆపరేషన్ అయింది. కాల్లో ఉక్కు కడ్డీ. వంటవాడు పూలు పట్టుకెళ్ళాడు. ఆవిడ పూలు పక్కన పెట్టించి ప్రశ్నలు మొదలుపెట్టారు. ప్రాలుంగోలో తప్పు గడియారం ఏ రంగు గోడ మీద ఉంది? మురాతలో గీతలు దేనివి? రేడియో ఆపరేటర్ రెండూ తప్పు చెప్పాడు. నా వంతు వచ్చేసరికి ప్రశ్న మారింది.

"ముసునూరు తర్వాత ఏ ఊరు?"

"చింతలపూడండి," అన్నాను.

"అదీ," అన్నారు. "నేను మొత్తం విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎక్కడో బస్సులో వెళుతున్నట్టుంది. దిగాలనిపించలేదు."

డిసెంబరు రెండో వారంలో ముసునూరు చేరాను. తోటలు పూత మీదున్నాయి. అమ్మ కాళ్ళు కడుక్కోమంది. సాయంత్రం నాన్నగారు గుడి తలుపులు తీశాక అంతా చెప్పాను. వసుదేవుడి బొమ్మ సంగతి చెప్పినప్పుడు ఆయన లేచి బయటికి వెళ్ళి గోపురం వైపు చూసి వచ్చారు. "చేపలు కూడానా?" అని అడిగారు. చేపలు కూడా అన్నాను. ఆయన నవ్వారు. సైన్యం మాట ఎత్తితే నాన్నగారు నవ్వడం అదే మొదటిసారి.

ఇప్పుడు సర్వీసు అయిపోయింది. నూజివీడులో ఒక కాలేజీలో ప్రథమ చికిత్స నేర్పిస్తున్నాను. మొన్న మామిడికాయల వ్యాపారి సుబ్బారావుగారు, వాళ్ళావిడ కామేశ్వరిగారు ఇంటికొచ్చారు. ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచరు. ఇద్దరూ వేసవిలో ఇటలీ వెళ్తున్నారట.

"మీరు చూశారటగా అండీ. ఏమేం చూడాలో చెప్పండి," అన్నారు కామేశ్వరిగారు పుస్తకం తెరిచి.

చెప్పాను. కాసాల్తలో రాతి కప్పులు. ప్రాలుంగోలో నీలం గోడ మీది తప్పు గడియారం. దారిలో వాగు దాటించే సాధువు. మురాత గుమ్మం. కామేశ్వరిగారు అన్నీ రాసుకున్నారు. సుబ్బారావుగారు మధ్యలో ఆపారు.

"కార్లో వెళ్ళొచ్చా అండీ?"

"వెళ్ళొచ్చండి. కానీ నడవండి. పైనుంచి కిందకి."

ఒకటి మాత్రం వాళ్ళకి చెప్పలేదు. అది వెళ్ళి చూద్దామంటే దొరికేది కాదు.

ఆ రోజు అంబులెన్స్ తలుపు పడింది. నీలం లైటు మలుపు తిరిగింది. పొద్దుట్నుంచి నేను ఆవిడ ముఖం వైపే చూస్తూ వచ్చాను. కొండ వైపు ఒక్కసారీ తల ఎత్తలేదు. అప్పుడు ఎత్తాను. మేఘం విడిపోతోంది. పాత బాట పైనుంచి కింది దాకా కనబడింది. బాట పొడుగునా మనుషులు. ఏప్రన్లతో, ఇంటి చెప్పులతో, పిల్లల్ని చంకనేసుకుని. మాకు అక్కర్లేకపోయినా మా వెనకే దిగి వచ్చినవాళ్ళు. ఒకరి వెనక ఒకరు, చిన్నగా, ఇంకా చిన్నగా, మేఘంలోకి. అందరూ రోడ్డు వైపే చూస్తున్నారు. నేను చెయ్యెత్తి ఊపాను. ముందున్న మంగలి చెయ్యెత్తాడు. అతని వెనకావిడ ఎత్తింది. ఆమె వెనకాయన. ఆ చేతులు అలా ఒకదాని తర్వాత ఒకటి కొండ పైకి వెళ్ళిపోయాయి.